నేను మందు తాగలేదు

ఆసుపత్రిలో తెలివొచ్చాక నా చెవిన పడ్డ మొదటి మాట: "ఎందుకు తాగేవమ్మా? పిల్లలున్నారు కదా!"

అడిగింది పక్క మంచం మీదున్న కుర్రాడి తల్లి. పురుగుమందు తాగలేదని చెబుదామని పెదాలు కదిపాను. నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంది, మాట పెగల్లేదు. ఆవిడ నా నుదురు నిమిరి "కష్టాలు ఎవరికి రావమ్మా" అంది. ఏడుపొచ్చింది, కంట్లో చుక్క నీరు లేదు. విరుగుడుగా ఎక్కించే అట్రోపిన్ ఒంట్లో తడినంతా ఆర్పేస్తుందట. నాకది తర్వాత తెలిసింది.

మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. కూరగాయల తోటల్లో కూలికి వెళ్తాను. మేం కోసిన వంకాయలు, బెండకాయలు తెల్లారేసరికి సిటీలో రైతుబజార్లకి చేరతాయి. వంగతోటకి మొవ్వనీ కాయనీ తొలిచే పురుగుతో పెద్ద బాధ. పురుగు ఒకసారి లోపల దూరిందంటే పైన కొట్టిన మందు దాన్ని తాకదు. అందుకని ముందే కొట్టాలని వారం వారం కొడుతూనే ఉంటారు. పంపు వీపున తగిలించుకునేది మగాళ్లు. గెడ్డలోంచి నీళ్లు మోసేది, మందు కలిపేది, పంపులో పోసేది ఆడవాళ్లం. మర్నాడు అదే తోటలో నడుం వంచి కలుపు తీసేదీ మేమే. అయినా మేం మందు పని చేస్తున్నామని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

మూడేళ్ల కిందట మే నెల. ఆ రోజు తెచ్చింది ప్రొఫెనోఫాస్ సీసా. దాని మీద పసుపు త్రికోణం ఉంది. ఎరుపైతే అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. అప్పటికి నాకు అది అట్ట మీద బొమ్మే. మూతతో కొలిచి బకెట్‌లో పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపాను. ఎప్పుడూ అలాగే కలుపుతాను. గట్టు మీద పిల్లలు ఆడుతుంటే, వాళ్ల చేతికి దొరక్కూడదని సగం సీసా రొండిన దోపుకున్నాను. మూత సరిగా బిగియలేదు. ఎడమ నడుం దగ్గర చల్లగా అనిపించింది. చెమట అనుకున్నాను. కాసేపటికి చురచురలాడింది. చీర అంచు ఒరుసుకుంది కాబోలనుకున్నాను. ఆ తడి చీరతోనే మధ్యాహ్నం దాకా నీళ్లు మోశాను, ఆ చేతులతోనే చోడి అంబలి తాగాను.

ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా చెమట. నోట్లో నీళ్లు ఊరుతున్నాయి, ఎంత ఉమ్మినా ఆగవు. కడుపులో మెలి. గుమ్మంలో నిలబడ్డ అత్త మొహం మసకగా కనిపించింది. "ఎండదెబ్బే ఇది, తొంగోయే కాసేపు" అంది అత్త. మే నెలలో ఎవరైనా అదే అంటారు. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి సెలైన్ పెట్టాడు. నీరసం, తగ్గిపోతుందన్నాడు. చీర సంగతి ఎవరికీ తట్టలేదు. మూడు గంటలు అదే చీరలో పడుకున్నాను. పొద్దుగూకే వేళకి పిక్కల్లో, కంటి కింద, చర్మం లోపల చేపపిల్లలు కదిలినట్టు కండలు అదరడం మొదలైంది. ఊపిరి తీస్తే గొంతులో బుడగల చప్పుడు. మా ఆయన 108కి ఫోన్ చేశాడు. ఆనందపురం, కొమ్మాది, మధురవాడ, హనుమంతవాక... ఆ దారి అంతా నాకు గుర్తున్నది చెరిపేసినట్టున్న దీపాలే.

అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ టార్చి వేసి నా కళ్లు చూసింది. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయట. వంగి వాసన చూసి, "ఈ చీర ఇంకా ఒంటి మీద ఎందుకుంది?" అని అరిచింది. కత్తెరతో కోసి తీసేశారు. సబ్బుతో నడుం, బొడ్డు, గోళ్ల సందులు, జుట్టు అంతా కడిగారు. సూది మందు మొదలుపెట్టినా, చర్మం మీదున్నది పోకపోతే అది లోపలికి ఎక్కుతూనే ఉంటుందని తర్వాత వివరించింది. ఊళ్లో ఎవరైనా నాచేత బట్టలు మార్పించి బిందెడు నీళ్లు, సబ్బు ఇచ్చి ఉంటే సగం గండం అక్కడే గడిచేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఒంట్లో ఏం జరిగిందో ఆవిడే విడమరిచి చెప్పింది. నరం కండరానికి కబురు పంపాక, ఆ కబురుని తుడిచేసే పదార్థం ఒకటి ఒంట్లో ఉంటుంది. ఈ జాతి మందులు దాన్నే కట్టేస్తాయి. "బోరు మోటారు వేశావు, ఆపే స్విచ్ పాడైంది అనుకో. నీళ్లు పారుతూనే ఉంటాయి, చివరికి మోటారే కాలిపోతుంది" అంది. చెమట, చొంగ, వాంతి, కండలు అదరడం అన్నీ ఆ ఆగని మోటారువేనట.

అట్రోపిన్ ఎక్కువైన రాత్రి మతి తప్పి, దుప్పటి మీద లేని వంకాయలు కోశానట. మూడో రోజు ఉదయం తేరుకున్నట్టే అనిపించింది. నర్సు వచ్చి "తల ఎత్తమ్మా" అంది. ఎత్తాననే అనుకున్నాను. తల దిండు మీదే ఉంది. మళ్లీ ప్రయత్నించాను. మెడ నాది కాదన్నట్టు ఉండిపోయింది. ఆవిడ పరుగున వెళ్లి డాక్టర్ని తీసుకొచ్చింది. మొదటి లక్షణాలు తగ్గాక, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు, ఇలా మెడా ఊపిరి తీసే కండలూ పట్టు తప్పే దశ ఒకటి వస్తుందట. తగ్గిపోయిందని ఇంటికి తీసుకెళ్లిపోయినవాళ్లు అప్పుడే ఊపిరాడక పోతారట. నాకు ఆక్సిజన్ పెట్టి, వెంటిలేటర్ మంచం పక్కనే సిద్ధంగా ఉంచారు. గంట గంటకీ అదే మాట: "తల ఎత్తమ్మా." "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవు?" మొదట ఏడు. మర్నాడు పదకొండు. ఇరవై దాటిన రోజున ఆ నర్సు నా చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఈలోగా బయట ఇంకో కథ నడుస్తోంది. పురుగుమందు కేసు కాబట్టి పోలీసులకి కబురు వెళ్తుంది, అది పద్ధతి. వచ్చినాయన మా ఆయన్నే అడిగాడు, ఇంట్లో ఏం గొడవని. "తోటలో మందు కలిపింది బాబూ" అంటే, "కలిపితే ఇంత అవుతుందా?" అన్నాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలు మా ఆయన మొహం వైపు ఒకలా చూసి వెళ్లారు. అత్త వరండాలో కూర్చుని "నా కోడల్ని నానొక్క మాట అన్నేదు బాబో" అని వచ్చేపోయేవాళ్లకి చెప్పుకుని ఏడ్చిందట. నన్ను చంపబోయింది మందు. మా ఇంటిని కుంగదీసింది మాత్రం నోటితో తాగితేనే విషం ఎక్కుతుందన్న నమ్మకం.

అదే అత్త, ఆసుపత్రివాళ్లు కవర్లో కట్టిచ్చిన చీర ముక్కల్ని పారెయ్యడం ఎందుకని ఇంటికి పట్టుకెళ్లి గెడ్డలో ఉతికింది. ఆ సాయంత్రం ఆవిడకీ తలనొప్పి, వాంతులు. అప్పుడు నమ్మింది మా ఊరు.

పద్నాలుగు రోజులకి ఇంటికి పంపారు. కూర్చుంటే లేవలేను. బిందె ఎత్తబోతే చేతులు వణికేవి. పొయ్యి మీద అన్నం పెట్టి మర్చిపోయేదాన్ని. మాడిన వాసన వస్తే ఉలిక్కిపడి, తోట వాసన అనుకునేదాన్ని. రక్తంలో తగ్గిన, కబురు తుడిచే ఆ పదార్థం కొత్త ఎర్ర రక్తకణాలతో పాటు మెల్లగానే పూడుతుందని, ఆ కణం ఆయుష్షు 120 రోజులని, కనీసం నాలుగు నెలలు మందు ఛాయలకి పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కూలి లేక ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో మా చీటీలావిడకి తెలుసు.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజున రైతుతో మాట్లాడాను. ఆయనా కౌలుదారే, చెడ్డవాడు కాదు. మందు కొట్టే పనివాళ్లకి రక్షణ దుస్తులు ఇవ్వాలనీ, ఈ జాతి మందులతో పని చేసేవాళ్లకి నెలనెలా రక్తపరీక్ష చేయించాలనీ 1971 నాటి పురుగుమందుల నియమాల్లోనే ఉంది. ఆయనెప్పుడూ వినలేదు. మేమూ వినలేదు. మందు అమ్మిన కొట్టువాడూ చెప్పలేదు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తి చేలల్లో మందు కొట్టిన రైతులూ కూలీలూ 20 మందికి పైగా చచ్చిపోయాక కూడా మా దాకా ఒక్క మాట రాలేదు.

ఆ ప్లాస్టిక్ సూట్లు మా సముద్రపు ఉక్కలో పది నిమిషాలు ఉంచుకోలేం, ఆ మాట నిజం. అందుకని మేం చెయ్యగలిగింది పట్టుకున్నాం. చీర మీద మగాళ్ల పాత పొడుగు చేతుల చొక్కా, చేతులకి రబ్బరు తొడుగులు, కలపడానికి పొడుగాటి కర్ర, కొలవడానికి విడి గ్లాసు. గట్టు మీద బిందెడు మంచినీళ్లు, సబ్బు లేకపోతే మందు మూత తియ్యనివ్వం. కొట్టిన మర్నాడు ఆ మడిలో కలుపు లేదు. ఒంటి మీద పడిందంటే పని ఆపి ముందు స్నానం. మందు బట్టలు విడిగా, తొడుగులు వేసుకుని ఉతకాలి. దీనికి అత్తే కాపలా. రైతు ఈ ఏడు ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు కట్టి, పురుగు పట్టిన మొవ్వలు తుంచి పారేయిస్తున్నాడు. మందు కొట్టే రోజులు తగ్గాయి.

ఆఖరుగా ఒక సంగతి. డిశ్చార్జి కాగితంలో విషం తీసుకున్నట్టు మాత్రమే రాశారు, ఎలా ఎక్కిందో లేదు. మూడు వారాలకి పరీక్షకి వెళ్లినప్పుడు, అరికాళ్లు మొద్దుబారాయేమో చూస్తున్న డాక్టరమ్మని అడిగాను, "ఇందులో నేను తాగలేదని రాయండమ్మా" అని. ఆవిడ కాగితం తీసుకుని ఒక వాక్యం చేర్చి, సంతకం పెట్టి, ముద్ర వేసింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి బస్సులో దాన్ని తెలుగు చేసి చదివింది: "పొలంలో పని చేస్తుండగా, చర్మం ద్వారా." మా ఆయన మళ్లీ చదవమన్నాడు. తగరపువలసలో బస్సు దిగి, ఆ కాగితానికి లామినేషన్ చేయించాడు. ఇప్పుడది ట్రంకుపెట్టెలో రేషన్ కార్డు పక్కన ఉంది.