గడువు రాయని రూల్

ఇవాళ సాయంత్రం సెల్లార్‌లో అసోసియేషన్ మీటింగ్. పక్క వీధిలో పట్టపగలు దొంగలు పడ్డారట, అప్పట్నుంచి మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే టెన్షన్. టీ తాగేలోపే తీర్మానం అయిపోయింది. పనివాళ్లందరి ఆధార్ జిరాక్స్‌లు తీసుకోవాలి, వెళ్లేటప్పుడు గేటు దగ్గర వాళ్ల బ్యాగులు చూడాలి. ఆ దొంగలెవరో ఇంకా తేలలేదు. పనివాళ్లను మీటింగ్‌కి పిలవనూ లేదు.

"ఎన్నాళ్లు ఈ రూల్?" అని అడిగాను.

"ముందు పెట్టనివ్వండి సార్, తర్వాత చూద్దాం" అన్నారు సెక్రటరీ గారు.

ఆ తర్వాత చూసేదెవరో! గేటు దగ్గరి రిజిస్టర్‌లో కరోనా నాటి టెంపరేచర్ గడి ఇప్పటికీ ఉంది. థర్మల్ గన్ ఎప్పుడో పాడైంది. అయినా వచ్చినవాళ్లందరికీ మా వాచ్‌మన్ శ్రద్ధగా 97 అని రాస్తాడు.

దేశం సంగతీ ఇంతే. ఇందిరాగాంధీ హత్య జరిగిన మరుసటి ఏడాది, పంజాబ్ గొడవల మధ్య, 1985లో టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చింది. రెండేళ్లకే అన్నారు, పొడిగిస్తూ 1995 దాకా లాగారు. 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు, శిక్ష పడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. పార్లమెంటు మీద దాడి తర్వాత 2002లో అలాంటిదే ఇంకో చట్టం, పోటా. దానికి మూడేళ్ల గడువుండేది, 2004లోనే రద్దు చేశారు. కానీ అందులోని చాలా సెక్షన్లు ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం)లోకి చేరాయి. ముంబై దాడులు జరిగి నెల తిరక్కుండానే పార్లమెంటు ఉపాను ఇంకా బిగించింది. ఛార్జిషీటు లేకుండా 180 రోజులు లోపల ఉంచొచ్చు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు రాదు. ఈ చట్టానికి గడువే లేదు.

భయం ఉత్తదని అనను. 2007 ఆగస్టు 25 రాత్రి గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో 42 మంది పోయారు. పోలీసులు ఏం చేసినా సరే అన్నవాళ్లలో మా ఇంట్లోవాళ్లూ ఉన్నారు. అదే ఏడాది మేలో మక్కా మసీదులో బాంబు పేలాక ఎంతోమంది ముస్లిం కుర్రాళ్లను పట్టుకెళ్లారు. జైల్లో మగ్గి చివరికి నిర్దోషులుగా బయటికొచ్చారు, తర్వాత ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది. మమ్మల్ని మాత్రం ఒక్కనాడూ ఎవరూ ఆపి పేరడగలేదు. ఏం చేసినా సరే అన్నది మేము, పడింది వాళ్లు.

కాస్త గట్టిగా పట్టుబడితే మినిట్స్ బుక్‌లో 'మూడు నెలలు' అని రాశారు. తనిఖీ రేపు పొద్దున్నుంచే. కుర్చీలు సర్దుతూ వాచ్‌మన్ అడిగాడు, "మా ఇంటామె సంచి గూడ నేనే చూడాల్నా సార్?" ఆమె మా బ్లాక్‌లోనే మూడు ఇళ్లలో పనిచేస్తుంది.

రూల్ అందరికీ ఒకటేనన్నారు సెక్రటరీ గారు.