కదలని ఏనుగు: రెయ్క్‌జావిక్ ఏడో గేమ్

1972 ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ కోసం ఐస్‌లాండ్‌లో జరిగిన రెయ్క్‌జావిక్ మ్యాచ్‌లో స్పాస్కీ (తెలుపు), ఫిషర్ (నలుపు) ఆడిన ఏడో గేమ్ డ్రా. డ్రాయే కదా అని చాలామంది దాటేస్తారు. సిసిలియన్ నజ్డోర్ఫ్ అనే ఆరంభంలో ‘విషపు బంటు’ (ఎరగా వదిలిన బి2 బంటు) తినాలనుకునేవాళ్లు మాత్రం ముందు దీన్నే బోర్డు మీద పెట్టి చూడాలి.

7వ ఎత్తులో ఫిషర్ మంత్రి బి6కి వచ్చింది, 8లో బి2 బంటును తినేసింది. తెల్ల గుర్రం బి3కి, నల్ల మంత్రి ఎ3కి. స్పాస్కీ 10వ ఎత్తుగా శకటును (బిషప్) డి3లో పెట్టాడు. ఇక్కడ నలుపు వరస తప్పకూడదు: ముందు శకటు ఇ7కి, ఆ తర్వాతే హెచ్6. జి5లో ఉన్న తెల్ల శకటు హెచ్4కి తగ్గగానే గుర్రంతో ఇ4 బంటు తీయాలి. గుర్రం పక్కకు తొలగితే ఇ7 శకటు సూటిగా హెచ్4 మీద పడుతుంది, అక్కడ కాపు లేదు. తెలుపు ముందే ఇ7ని తింటే గుర్రం డి2లో మంత్రిని పట్టేస్తుంది. ఇ7లో శకటు లేకుండా ఇదే ఎత్తు ఆడితే ఒక బంటుకు గుర్రం పోయినట్టే.

నలుపుకు రెండు బంట్లు లాభం. స్పాస్కీ ఎఫ్5 తోసి, 15వ ఎత్తులో బి5లో చెక్ ఇస్తూ శకటును బలిచ్చాడు. తెల్ల గుర్రం డి6లో చెక్, నల్ల రాజు ఎఫ్8కి, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం) హక్కు పోయింది. సి8 శకటు, బి5 బంటు కూడా తెలుపు రాబట్టుకున్నాక, 19 ఎత్తులకు లాభం ఒక్క బంటుకు దిగింది. అసలు నష్టం హెచ్8 మూలలో ఇరుక్కున్న నల్ల ఏనుగు (రూక్) దగ్గర ఉంది.

26లో మంత్రులు మారాయి. 27లో రాజు జి7కి జరగడంతో ఆ ఏనుగుకు దారి తెరుచుకుంది కూడా. అయినా గేమ్ మొత్తం 49 ఎత్తుల్లో అది ఒక్కసారీ కదల్లేదు! నా లెక్కలో గెలుపు జారిపోయింది అక్కడే. చివర్లో నల్ల రాజు జి6, ఎఫ్5, ఎఫ్4, జి3 మీదుగా ఎఫ్3 దాకా వెళ్లి రెండు తెల్ల ఏనుగులు, గుర్రం మధ్య నిలబడింది. బంట్లు నలుపుకు నాలుగు, తెలుపుకు రెండు. అయినా ఫిషరే సి1, సి2 గళ్లలో ఏనుగుతో వరస చెక్‌లు ఇచ్చి డ్రా చేసుకోవాల్సి వచ్చింది.

11వ గేమ్‌లో మళ్లీ బి2 తిన్నాడు. స్పాస్కీ ఈసారి 10లో ఎఫ్6 గుర్రాన్ని తీసి, 14లో తన గుర్రాన్ని బి1కి వెనక్కి పంపాడు. నల్ల మంత్రి చిక్కుకుపోయి 31 ఎత్తుల్లో ఓటమి. 15వ గేమ్‌లో అదే నజ్డోర్ఫ్ వచ్చినప్పుడు ఫిషర్ 7వ ఎత్తుగా ఆడింది మంత్రి బి6 కాదు, శకటు ఇ7.