చుక్క మీద చుక్క: వాల్వ్, గోరుచిక్కుడు జిగురు, నల్లగొండ ఎండ

నీళ్లలో చుక్క పడే క్షణాన్ని ఫొటో తీయడం మన పని. ఆసుపత్రి సెలైన్ సెట్‌తో చుక్కలు జార్చి తీస్తే కిరీటాల్లాంటి చిమ్ములు బాగానే వస్తున్నాయి, గొడుగులు రావట్లేదు. మొదటి చుక్క నీళ్లలో గుంత చేస్తుంది. ఆ గుంత పూడుకుంటూ సన్నటి స్తంభాన్ని పైకి లేపుతుంది. సరిగ్గా దాని నెత్తిన రెండో చుక్క పడితేనే గొడుగు విచ్చుకుంటుంది. గొట్టం మీది రోలర్ తిప్పి చుక్కలు తగ్గించొచ్చు గానీ, రెండింటి మధ్య 100 మిల్లీసెకన్ల ఎడం పట్టడం సెలైన్ సెట్ వల్ల కాదు. అందుకే ఈ విడత పనంతా సోలినాయిడ్ వాల్వ్ మీదే, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్.

నల్లగొండలో ఆర్వో విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి చెయ్యి ముందు ఆ వాల్వ్ మీదికే పోతుంది. కొనొద్దు. ఆ రకం చాలావాటికి తెరుచుకోవడానికే 0.02 మెగాపాస్కల్ ఒత్తిడి కావాలి, అంటే రెండు మీటర్ల ఎత్తు నీళ్లు. మన సీసా వాల్వ్‌కు జానెడు పైన ఉంటుంది. టక్కుమని చప్పుడొస్తుంది, చుక్క రాదు. ఒత్తిడి లేకున్నా తెరుచుకునే 12 వోల్టుల డైరెక్ట్ యాక్టింగ్ వాల్వ్ అడగాలి. టైమింగ్ నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డుయినోకు, వాల్వ్‌కు నడుమ స్విచ్‌లా పనిచేసే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్, వాల్వ్ రెండు కరెంటు కొసలకు అడ్డంగా 1ఎన్4007 డయోడ్. వాల్వ్ ఆగినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజీని ఆపేది ఈ డయోడే, మరిస్తే మాస్‌ఫెట్ కాలుతుంది. ఫ్లాష్‌కు పీసీ817 ఆప్టోకప్లర్ చాలు, అది రెండు సర్క్యూట్లను కలపకుండా సిగ్నల్ మాత్రం దాటిస్తుంది. పాత ఫ్లాష్ అయితే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి, కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజీ వందల్లో ఉంటుంది.

వాల్వ్ మూతి నుంచి నీటి మట్టానికి 40 సెంటీమీటర్లు. ఆ ఎత్తు పడడానికి 286 మిల్లీసెకన్లు పడుతుంది. వాల్వ్ 40 మిల్లీసెకన్లు తెరవడం, మొదలుపెట్టిన 100 మిల్లీసెకన్లకు రెండో చుక్క, 395 దగ్గర ఫ్లాష్: ఇది కాగితం మీది లెక్క. వాల్వ్ కదలడానికి, చుక్క తెగడానికి కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి ఫ్లాష్‌ను 5 మిల్లీసెకన్ల చొప్పున ఆలస్యం చేస్తూ పోవాలి. రెండు చుక్కలూ అతుక్కుని ఒకటే పడుతుంటే ఎడం పెంచండి.

చుక్క నీళ్లను తాకేటప్పుడు వేగం సెకనుకు 2.8 మీటర్లు. 1/200 షట్టర్‌కు 14 మిల్లీమీటర్ల గీత పడుతుంది. కాబట్టి చీకటి గది, ఒక సెకను షట్టర్, ఆపే పనంతా ఫ్లాష్‌ది. ఫుల్ పవర్‌లో అది 1/1000 సెకను దాకా వెలుగుతుంది, అప్పుడూ మసకే. పవర్ తగ్గితే వెలిగే సమయమూ తగ్గుతుంది కాబట్టి 1/32కి దించి, వెలుగు చాలకపోతే ఇంకో ఫ్లాష్ కలపాలి గానీ పవర్ పెంచొద్దు. ఎఫ్/11, ఐఎస్ఓ 400. ఎఫ్/16 మీద ఆశ పెట్టుకోకండి. సగం సైజు మాక్రోలో, అంటే వస్తువు సెన్సర్ మీద దాని అసలు సైజులో సగం పడేంత దగ్గర్నుంచి తీసేటప్పుడు, అది ఎఫ్/24తో సమానం, అంచులు మెత్తబడతాయి. ఫోకస్‌కు చుక్క పడే చోట ఒక స్క్రూ అడ్డంగా పెట్టి మాన్యువల్‌లో బిగించాలి.

అసలు తలనొప్పి ఎండ. 20 డిగ్రీల నుంచి 40కి పోతే నీటి చిక్కదనం మూడో వంతు పడిపోతుంది. పొద్దున కుదిరిన లెక్క మధ్యాహ్నం తప్పేది అందుకే. ఉత్త నీళ్లతో స్తంభం పొట్టిగా, చిల్లులు పడినట్టు లేస్తుంది కాబట్టి జిగురు కావాలి. గ్వార్ గమ్ అంటే గోరుచిక్కుడు గింజల పిండే. లీటరుకు 2 గ్రాములు. నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. ముందు చెంచాడు చక్కెరలో కలిపి, గోరువెచ్చటి నీళ్లలో తిప్పుతూ వేయాలి. పలచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి, లేకపోతే వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. మే నెలలో ఒక రోజుకే పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, కానీ గది వేడికి వచ్చాకే వాడాలి.

సీసాలో మట్టం తగ్గేకొద్దీ చుక్క చిన్నదవుతుంది. మూత గాలి పోకుండా బిగించి, దాంట్లోంచి ఒక స్ట్రాను సీసా అడుగు దాకా దించితే సరి: మట్టం స్ట్రా కింది కొసకు దిగేదాకా ఒత్తిడి మారదు. అతుకు ఎక్కడ కారినా ఇది పనిచేయదు.

బోరు నీళ్లు వద్దు. ఫ్లోరైడ్‌కు ఫొటోతో పనిలేదు గానీ, ఇక్కడి బోర్లలో ఉప్పులెక్కువ. ట్రే మీద, లెన్స్ ఫిల్టర్ మీద ఆరినచోటల్లా తెల్లటి మచ్చ. మిషన్ భగీరథ నల్లా నీళ్లో ఆర్వో నీళ్లో వాడండి. పని కాగానే ఉత్త నీళ్లతో వాల్వ్‌ను కడగాలి. లోపల జిగురు ఎండితే మరుసటి రోజు వాల్వ్ తెరుచుకోదు.