ప్రాగ్‌లో మా అమ్మాయి పెట్టిన షరతు

“అమ్మా, ఈ ఊళ్లో ఉన్నన్ని రోజులూ ఇండియా మాట ఎత్తొద్దు. నన్ను దీన్ని దీనిలాగే చూడనివ్వు.”

చెక్ రాజధాని ప్రాగ్‌లో, చార్లెస్ వంతెన మీద నడుస్తూ పదకొండేళ్ల మా అమ్మాయి అన్న మాట ఇది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నేనూ నాలుగు కేకలేసి తప్పించుకునేదాన్ని.

ఆ వంతెనకు 1357 జులై 9న తెల్లవారుజామున 5 గంటల 31 నిమిషాలకు పునాదిరాయి వేశారని చెప్పుకుంటారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 135797531. బేసి అంకెలు మెట్లెక్కి మళ్లీ దిగుతాయి. రాజు నాలుగో చార్లెస్ జ్యోతిష్కులను అడిగి ఆ సమయం ఎంచుకున్నాడని కథ. మా పిల్లకు లెక్కలంటే ప్రాణం. రాతిగోడ మీద వేలితో ఆ అంకెలు రాసుకుంటోంది. నేను ఆగలేకపోయాను. “చూశావా, మనలాగే ముహూర్తం పెట్టుకున్నారు” అన్నాను.

ఆ ఒక్కటే అయితే సరిపెట్టుకునేదేమో. అంతకుముందే, సున్నంలో కోడిగుడ్లు కలిపి ఈ వంతెన కట్టారన్న కథ చెప్పి, దానికి మన డంగుసున్నం, బెల్లం, కరక్కాయ తగిలించాను. పొద్దున కోటలో సెయింట్ విటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయిందని తను చదువుతుంటే, మధ్యలో రామప్ప గుడి తెచ్చిపెట్టాను. అది 1213 నాటిదే అన్నాను, ఇటుకలు నీళ్ల మీద తేలుతాయన్నాను. తను రామప్పను ఒక్కసారి కూడా చూడలేదు. మా హనుమకొండ నుంచి పొద్దున వెళ్తే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. మేముండే జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి అక్కడికి వెళ్లిన ప్రతిసారీ పెళ్లిళ్లు, చుట్టాలు, బట్టల షాపులు, తిరుగు ప్రయాణం. నేను చూపించని గుడిని, తన కళ్లముందున్న చర్చితో పోటీకి నిలబెట్టాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. హనుమకొండలో ఉన్నప్పుడు నా నోట ఎప్పుడూ “మా డ్రెస్డెన్‌లో అయితే” అనే వస్తుంది. రోడ్డు దాటుతున్నా అదే, ఆస్పత్రిలో కూర్చున్నా అదే. పోయిన ఏడాది అమ్మ అననే అంది, “ఇక్కడికొచ్చి అక్కడి ముచ్చట, అక్కడికి పోయి ఇక్కడి ముచ్చట. ఉన్న కాడ ఎప్పుడుంటవే నువ్వు?” అప్పుడు నవ్వి ఊరుకున్నాను. వంతెన మీద అదే మాట నా కూతురి నోట విన్నట్టనిపించింది.

షరతుకు ఒప్పుకున్నాను. అసలు కష్టం మర్నాడు పాత టౌన్ హాల్ గడియారం ముందు వచ్చింది. 1410 నాటి గడియారం. గంట కొట్టే వేళకు అస్థిపంజరం తాడు లాగుతుంది, పైన కిటికీల్లో క్రీస్తు శిష్యులు ఒక్కొక్కరే కనిపించి వెళ్తారు, చివర కోడి కూస్తుంది. అందరి కళ్లూ ఆ బొమ్మల మీదే. నా కళ్లు ఆ కిటికీల కిందున్న గడియారపు పళ్లెం మీద ఉండిపోయాయి. బంగారు సూర్యుడు రాశుల చక్రం మీద తిరుగుతున్నాడు. సగం నల్లగా, సగం వెండిలా ఉన్న చంద్రుడి బంతి పెరుగుతూ తరుగుతూ కళలు చూపిస్తోంది. బయటి వలయం అంకెలు సూర్యాస్తమయం నుంచి 24 గంటలు లెక్కపెడతాయి. రోజుకు మొదలు అర్ధరాత్రి కాదు, పొద్దుగూకడం. మా బాపుకు సూర్యోదయంతో రోజు మొదలవుతుంది. ఇది నిలువునా గోడకెక్కిన పంచాంగం. ఆ మాట గొంతు దాకా వచ్చింది, మింగేశాను. పిల్ల మెడ పైకెత్తి, నోరు తెరిచి చూస్తోంది. ఆ చూపును చెడగొట్టలేదన్న తృప్తి, ఇంత దగ్గరి సంగతి దాచానన్న బాధ, రెండూ ఉన్నాయి. ఇప్పటికీ ఏది సరైనదో తేల్చుకోలేదు.

తిరుగు రైలు ఎల్బే నది పక్కన సాగుతుంటే తనే అడిగింది. “గడియారం దగ్గర ఏదో చెప్పబోయి ఆగావు కదా. ఇప్పుడు చెప్పు.”

కనిపెట్టేసిందన్నమాట. పొంగిపోయి చెప్పాను. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని ఐదూ వేళ్ల మీద లెక్కపెట్టాను. శ్రద్ధగా విని, నోట్‌బుక్‌లో తను గీసుకున్న గడియారం బొమ్మ పక్కన పెన్సిలు ఆనించి, “అయితే ఇవాళ ఏ తిథి?” అంది.

నాకు తెలియదు. యోగానికీ కరణానికీ అర్థం అడిగినా చెప్పలేను. ఐదు పేర్లు బడిలో కంఠస్థం చేసినవే. మాది, మాది అని ఇన్నేళ్లూ తన ముందు పెట్టినవాటిలో నాకు నిజంగా తెలిసినవి ఎన్ని? “ఇంటికెళ్లాక చూద్దాం” అన్నాను. తను తల ఊపి, బొమ్మ పక్కన కాస్త ఖాళీ వదిలి పుస్తకం మూసింది.

ఉగాదికి బాపు పంపిన గంటల పంచాంగం వంటింటి సొరుగులో, విప్పని కవరులోనే ఉంది. విప్పి చూస్తే సగం పొట్టి అక్షరాలే, ఒక్కటీ అర్థం కాలేదు. బాపుకు ఫోన్ చేసి ఎలా చదవాలో నేర్పమన్నాను.

“ఎవరికి బిడ్డా? నీకా, పిల్లకా?”

“నాకే బాపూ.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కళ్లద్దాలు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.