ఊటీలో ఒక్క పువ్వు కోసం

ఊటీ గులాబీ ప్రదర్శనలో నాకు గులాబీ కనబడటానికి గంట పట్టింది. ఎటు చూసినా వేల పూల తలలు తెంపి, గుచ్చి నిలబెట్టిన బొమ్మలే. వాటి ముందు సెల్ఫీల తోపులాట. దీనికోసమా రాజమండ్రిలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మేట్టుపాళయం ఘాట్‌లో కార్ల వెనక పాకి, బండి కొండెక్కడానికి తీసుకున్న ఈ-పాస్ చూపించి వచ్చింది? గది అద్దె సంగతి అడక్కండి, సీజన్ పేరు చెప్పి గుంజేశారు.

విసుగొచ్చి పై మళ్లలోకి నడిచాను. ఊటీ పూల ప్రదర్శన వందోసారి జరిగిన 1995లో ఎల్క్ హిల్ వాలు మీద వేసిన తోట ఇది. పైన జనం లేరు. ఒక ముసలి తోటమాలి హైబ్రిడ్ టీ అనే పెద్ద పూల గులాబీ మొక్కల్లో వంగి, కొమ్మ కొసనున్న పెద్ద మొగ్గను వదిలేసి, దాని పక్క మొగ్గల్ని బొటనవేలితో తుంపేస్తున్నాడు. నా అరకొర తమిళంలో ఎందుకన్నా అని అడిగాను.

"కంచంలో అన్నం ఒక్కటే సార్, తినేవాళ్లు ముగ్గురైతే ఎవడు బలుస్తాడు?"

బాగా లేతగా ఉన్నప్పుడే తీసెయ్యాలట. ముదిరాక తీస్తే కాడ మీద మచ్చ మిగిలి గులాబీ పోటీలో మార్కులు పోతాయి. గుత్తులుగా పూసే ఫ్లోరిబండా గులాబీకి మాత్రం తిరకాసు: గుత్తిలో నడిమొగ్గనే తీసేస్తారు, అది ముందే విచ్చి వాడిపోతే మధ్యలో బోసిపోతుందని.

పోటీ పువ్వు ఇలా ఉండాలంటూ, సగం పైగా విచ్చిన డబుల్ డిలైట్ రకం గులాబీ ఒకటి చూపించాడు. వెన్న రంగు, అంచుల్లో ఎరుపు. నడిమి రేకులు ముడుచుకుని మొనదేలి పైకి లేచాయి, చుట్టూ రేకులు వరస తప్పకుండా తిరిగాయి. కడియం నుంచి తెచ్చిన అదే రకం మా పెరట్లోనూ ఉంది. మార్చి దాటితే పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికే నడుమంతా తెరిచేసుకుంటుంది. ఏడు వేల అడుగుల పైన, ఈ చలిలో, మొగ్గ తీరిగ్గా విప్పుకుంటుంది. కడియం నర్సరీల్ని తిట్టి లాభం లేదు, గోదావరి ఎండల్లో పోటీ పువ్వు రాదు. దసరా దాటాక కొమ్మలు కత్తిరించి, డిసెంబరు, జనవరి చలిలో చూసుకోవాల్సిందే.

కిందకొస్తే మా ఆవిడ మొక్కజొన్న పొత్తుల వాడితో బేరంలో ఉంది. ఒక్క పొత్తుకు వాడు చెప్పిన ధరకు మా ఊళ్లో అరడజను వస్తాయి. మొగ్గలు తుంపే సంగతి చెప్పగానే నా మీదకు తిరిగింది.

"నా మొక్కల మీద చెయ్యి వేశారంటే ఊరుకోను. దేవుడికి చిన్న పూలైనా మూడు కావాలి, మీకేమో కప్పు కోసం ఒక్కటి!"

ఒక మొక్క నాకు, మిగతావి దేవుడికి అని ఒప్పందం కుదిరేసరికి బస్సు కూనూరు చేరింది.