కార్జం ముక్క

రాత్రి పన్నెండు దాటింది. మా మచ్చల కుక్క, డాల్మేషియన్ జున్నుగాడు వరండాలో గచ్చు మీద పడుకున్నాడు, నేను గుమ్మంలో కూర్చుని టైప్ చేస్తున్నాను. వాడు కదిలినప్పుడల్లా లేచి చూస్తున్నాను.

మధ్యాహ్నం మటన్ వండాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తయ్య తన కంచంలోంచి వాడికి కార్జం పెడుతున్నారు. అప్పటికే రెండో ముక్క. ఎన్నిసార్లు చెప్పాను! ఫ్రిజ్ మీద కాగితం కూడా అంటించాను, కార్జం, ఎండుచేపలు వాడికి పెట్టొద్దని. "ఒక్క ముక్కకి ఏమవుతుందమ్మాయ్" అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చుట్టాలదీ అదే మాట, పక్కింటివాళ్లదీ అదే మాట. కుక్క నోరు కట్టేసిన పాపం నాదేనన్నట్టు చూస్తారు.

రెండేళ్ల కిందట మే నెలలో వాడు పడ్డ బాధ వాళ్లెవరూ చూడలేదు. సాయంత్రం గేటు దగ్గర కాలెత్తి నిలబడ్డాడు. ఏమీ రాలేదు. కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్లాడు, మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు. ఎండలకి వేడి చేసిందనుకుని పల్చటి మజ్జిగ పట్టాం. రాత్రి పదకొండింటికి గచ్చు మీద రెండు చుక్కలు పడ్డాయి, ఎర్రగా. పొట్ట బిగుసుకుపోయి చెయ్యి వేయనివ్వలేదు. డాక్టరుగారు సన్నటి గొట్టం వేస్తే మూత్రంతో పాటు పసుప్పచ్చటి ఇసుక దిగింది. ఒక్కో గింజ బొంబాయిరవ్వంత ఉంది.

మిగతా కుక్కల ఒంట్లో యూరిక్ యాసిడ్ చాలావరకు నీళ్లలో తేలిగ్గా కరిగే పదార్థంగా మారిపోతుందట. డాల్మేషియన్లకి జన్యులోపం వల్ల ఆ పని సరిగా జరగదు. అది అలాగే మూత్రంలోకి వచ్చి రాయి కడుతుంది. మగకుక్కలకి దారి సన్నం కాబట్టి అడ్డం పడుతుంది. కార్జంలో ప్యూరిన్లు ఎక్కువ, ఒంట్లో యూరిక్ యాసిడ్ అయ్యేవి అవే. యూరిక్ యాసిడ్ తగ్గడానికి ఇప్పుడు వాడికి వేస్తున్న అల్లోప్యూరినాల్ మాత్రతో ఇంకో చిక్కుంది. ఆ మాత్ర వేస్తూ ఇలాంటి తిండి పెడితే గ్జాంథిన్ రాళ్లని వేరే రకం కడతాయి. ఇదంతా అత్తయ్యకి ఎలా చెప్పను?

అయినా అంతకుముందు మూడేళ్లు వారం వారం కార్జం ఉడకబెట్టి పెట్టింది నేనే. బలమని. తెచ్చుకునేటప్పుడు మచ్చలు చూసుకున్నాం. ఈ జాతిలో చెవుడు ఎక్కువంటే వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూశాం. ఒక్క చెవే వినపడకపోతే చప్పట్లకి తెలియదని కూడా తర్వాతే తెలిసింది. ఇక ఏడాది పొడవునా రాలే ఆ వెంట్రుకలు! సూదుల్లా గుచ్చుకుంటాయి, నల్లచీర కట్టుకోవడమే మానేశాను. పొద్దున కాలవగట్టు మీద పరిగెత్తితే మాత్రం చూడాలి వాణ్ణి. ఒకప్పుడు గుర్రబ్బళ్ల వెంట పరిగెత్తిన జాతి కదా.

సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేస్తే, రెండు ముక్కలకి భయపడక్కర్లేదు, నీళ్లు బాగా తాగేలా చూడండి, మూత్రం ఆగితే మాత్రం వెంటనే తీసుకురండి అన్నారు. అక్కడితో నా గొడవ తీరాలి. తీరలేదు. నేను కేకలేశాక అత్తయ్య వాడి చెవులు నిమురుతూ "నీకూ నాకూ ఒకటే ఖైదురా" అన్నారు, మెల్లగా. వంటింట్లోకి వినపడింది. ఆవిడకి షుగరు. కాజాల డబ్బా పై అరలోకి ఎక్కించింది నేనే. ఆ మే రాత్రి ఆటోలో వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఆవిడే. అది నాకు మధ్యాహ్నం గుర్తు రాలేదు.

ఇప్పుడే లేచాడు. గిన్నెలో నీళ్లు సగం తాగి గేటు దాకా వెళ్లాడు. చెప్పుల్లేకుండానే వెనకాల వెళ్లాను. తిరిగి వస్తుంటే చీకట్లో కిటికీలోంచి అత్తయ్య గొంతు.

"పోశాడా?"

"పోశాడత్తయ్యా."

"ధారగానేనా?"

"ధారగానే. మీరు పడుకోండి."