ముప్పావు మీటరు

శనివారం. రాత్రి పదిన్నర.

ఉదయం నుంచి ముసురు వదల్లేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చిందని పాలతను చెప్పాడు. సాయంత్రం గట్టు మీదికి వెళ్లి చూడాలనుకున్నాను గానీ క్లాసు వేళ అయిపోయింది. నీళ్లు రేపు కూడా ఉంటాయి.

ఓపెన్ స్కూల్ పదో తరగతి రాయబోయే ఆడవాళ్లకు వారానికి మూడు సాయంత్రాలు లెక్కలూ తెలుగూ చెబుతున్నాను. ఉద్యోగం నుంచి దిగిపోయాక మొదలుపెట్టిన పని ఇది. మొత్తం తొమ్మిది మంది. వాన వల్ల ఇవాళ నలుగురే వచ్చారు. వాళ్లలో ఒకామె మా వీధి చివర మిషను కుడుతుంది. చీరలకు ఫాల్, పీకో, జాకెట్లు. వయసు ముప్పై ఏడు. ఎనిమిదిలో చదువు ఆపించారు. ఇప్పుడు కొడుకు తొమ్మిదిలో ఉన్నాడు. ఆషాఢం కాబట్టి పని తక్కువగా ఉంది, అందుకే క్లాసు తప్పకుండా వస్తోంది. శ్రావణం రాగానే జాకెట్లు గుట్టలుగా పడతాయని ఇప్పటినుంచే ఆమెకు బెంగ.

భిన్నాల దగ్గర అందరూ తడబడుతున్నారు. బోర్డు మీద లెక్క వేశాను. నాలుగున్నర మీటర్ల గుడ్డ ఉంది, ఒక్కో జాకెట్టుకు ముప్పావు మీటరు కావాలి, ఎన్ని జాకెట్లు వస్తాయి? నేను సుద్దముక్క కింద పెట్టేలోపే ఆమె "ఆరండీ" అంది. ఎలా చెప్పావమ్మా అంటే సిగ్గుపడింది. "కత్తిరిస్తూనే ఉంటాను కదండీ" అంది. ఆమె చేతులు చూశాను. కుడిచేతి బొటనవేలి మొదట్లో కత్తెర ఒరిపిడికి కాయ కాసింది. ఎడమచేతి చూపుడువేలి కొస నిండా సూది గుచ్చుకున్న సన్నటి నల్లచుక్కలు. ఆ చేత్తో నోటుపుస్తకంలో ¾ రాసి, కింద గీత సరిగా రాలేదని చెరిపి మళ్లీ రాసింది. గుడ్డ మీద గీత వంకర పోతే జాకెట్టు పాడవుతుంది కదా, ఆ అలవాటు.

క్లాసు అయ్యాక గొడుగు విప్పుతూ నన్ను అడిగింది. "టీచరుగారూ, ఈ వయసులో పాసయితే ఏం వస్తుందండీ?" పుస్తకాలను జాకెట్టు ముక్కల కింద దాచి చదువుకుంటోందని నాకు తెలుసు. ఇరుగుపొరుగు నవ్వుతారని. నేను దుర్గాబాయమ్మ సంగతి చెప్పబోయాను. వాన పెద్దదైంది, ఆమె వెళ్లిపోయింది. చెప్పలేకపోయిన ఆ మాటలే ఇంటికొచ్చాక ఇలా రాసుకుంటున్నాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పుట్టింది ఈ ఊళ్లోనే, మా రాజమండ్రిలోనే, 1909లో. ఆమె పేరు చెబితే ఇక్కడ పిల్లలందరికీ గుర్తొచ్చే కథ ఒకటే. 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో పద్నాలుగేళ్ల వాలంటీరుగా ప్రదర్శన గుమ్మంలో నిలబడి, టికెట్ లేదని నెహ్రూను ఆపేసిన కథ. మంచి కథే. నేనూ ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. కానీ ఆమెను ఆ గుమ్మం దగ్గరే నిలబెట్టేశాం అనిపిస్తుంది నాకు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ఎవరం చెప్పుకోం. నాకు ఆమె మీద గౌరవం నిండిపోయింది ఆ ఇరవై ఏళ్ల వల్లే.

చిన్నప్పుడే ఇంగ్లీషు చదువు రుద్దడం నచ్చక బడి మానేసిన పిల్ల. తనకు వచ్చిన హిందీని ఊళ్లో ఆడవాళ్లకు చెప్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టింది. ఎనిమిదేళ్ల వయసులో చేసిన పెళ్లిని, ఈడొచ్చాక వద్దనుకుంది. తండ్రీ తమ్ముడూ ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద విషయమో మా అమ్మమ్మ తరం వాళ్లను అడగాలి. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం, వేలూరు జైలు. బయటికొచ్చి మళ్లీ ఉద్యమం, మళ్లీ జైలు. చివరికి మదురై జైల్లో ఒంటరి కొట్టు. పక్క గదుల్లో హత్య కేసుల్లో శిక్షపడ్డ ఖైదీలు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. జైళ్లలో ఆమె చూసిన ఆడవాళ్లలో చాలామందికి తమ మీద పెట్టిన కేసు ఏమిటో తెలియదు, తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియదు. లా చదవాలనే పట్టుదల ఆమెకు అక్కడ పుట్టింది.

లా అంటే ముందు డిగ్రీ కావాలి. డిగ్రీ అంటే ముందు మెట్రిక్యులేషన్ ఉండాలి. ఆమెకు అదే లేదు. నా మనసు ఆగిపోయేది ఇక్కడే. దేశమంతా పేరు తెలిసిన మనిషి, మూడుసార్లు జైలుకెళ్లిన మనిషి, చిన్నపిల్లలు రాసే పరీక్షకు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఏ ఇంగ్లీషును కాదని బడి మానేసిందో ఆ ఇంగ్లీషునే అక్షరం అక్షరం కూడబలుక్కుంది. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా రాసి గెలిచింది. ఆ తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. తనలాగే ఆగిపోయిన అమ్మాయిలను కూడగట్టి, ఇల్లు అద్దెకు తీసుకుని, హాస్టలు తామే నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసింది.

ఈలోగా, 1937లో, మద్రాసు మైలాపూరులో తన ఇంట్లోనే చుట్టుపక్కల ఆడపిల్లలను చేరదీసి చదువు చెప్పడం మొదలుపెట్టింది. తాను పాసైన ఆ కాశీ మెట్రిక్‌కే వాళ్లను తయారుచేసింది. లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని ఆ చిన్న గుంపు పేరు. ఆంధ్ర మహిళా సభ పుట్టింది అందులోంచే. ఆసుపత్రులు, కాలేజీలు, హాస్టళ్లు అన్నీ ఆ తర్వాత వచ్చినవి. మొదట ఉన్నది ఒక ఇల్లు, కొందరు ఆడపిల్లలు, ఒక పరీక్ష.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. రాజ్యాంగ సభలో, రాజ్యసభకు ఎన్నిక కావడానికి కనీస వయసు 35 ఉండాలన్న ప్రతిపాదన వస్తే, 30 చాలని సవరణ తెచ్చింది ఆవిడే. ఇవాళ్టికీ అది 30 ఏళ్లే. చదువు విషయంలో ఆలస్యం అయిందని ఎవరినీ ఆపనివ్వలేదు, చట్టసభ విషయంలో చిన్నవాళ్లని ఎవరినీ ఆపనివ్వలేదు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు, మధ్యలో చదువు ఆగిపోయిన పెద్ద ఆడవాళ్ల కోసం కొన్నేళ్ల చదువును రెండేళ్లలోకి కుదించిన కోర్సులు మొదలుపెట్టింది. కండెన్స్‌డ్ కోర్సు అనేవారు. మా అమ్మ మాత్రం "రెండేళ్ల చదువు" అనేది.

అవును, మా అమ్మ చదివింది అదే. నాకప్పుడు రెండేళ్లు. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి కాకినాడ వెళ్లింది. అమ్మమ్మ ఏడ్చిందట. అమ్మ ఏడ్చినట్టు ఎవరూ చెప్పలేదు. ఆ రెండేళ్ల తర్వాత బాలవాడీలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో మొదటి జీతం అది. నేను టీచరునైంది ఆ జీతంతో చదివే.

ఇందాక బీరువా పైనున్న ట్రంకు పెట్టె దింపించి అమ్మ మార్కుల కాగితం తీశాను. మడతల దగ్గర చిరిగిపోతే వెనక గుడ్డ అంటించి ఉంది. జాకెట్టు గుడ్డే, లేత నీలం, చిన్న చిన్న తెల్లపూలు. లెక్కల్లో అమ్మకు 41 వచ్చాయి. ఆ అంకె కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు. అమ్మే అయ్యుండాలి. దుర్గాబాయమ్మను అమ్మ ఎన్నడూ చూడలేదు. 1981లో ఆవిడ పోయారని రేడియోలో వార్త వచ్చినప్పుడు, అమ్మ పొయ్యి మీద పాలగిన్నె దించి, అలాగే నిలబడిపోయింది. నేను చూశాను. ఎందుకని అప్పుడు అడగలేదు. అడిగి ఉండాల్సింది.

తన ఆత్మకథను దుర్గాబాయి చనిపోవడానికి ఏడాది ముందు, 1980లో ప్రచురించింది. అంతకుముందు ఆంధ్ర మహిళ పత్రిక నడిపింది. అంత రాసిన మనిషి పేరు మన పాఠాల్లో టికెట్ కథ దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. సోమవారం తెలుగు క్లాసులో వ్యాసం బదులు ఈ సంగతంతా చెబుతాను. ముఖ్యంగా హాస్టలు సంగతి.

ఇది రాస్తుండగా ఫోను మోగింది. మిషను కుట్టే ఆమె. వెనకాల మిషను చప్పుడు లేదు, పని కట్టిపెట్టి కూర్చున్నట్టుంది.

"టీచరుగారూ, నిద్ర చెడగొట్టానా అండీ?"

"లేదమ్మా, చెప్పు."

"భిన్నంతో భాగించమంటే తిరగేసి గుణించమన్నారు కదండీ. భాగించమంటే గుణించడం ఏమిటా అని ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నానండీ."

ముప్పై ఏళ్లలో ఎంతోమంది పిల్లలకు ఆ సూత్రం చెప్పాను. బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నారు. ఎందుకని అడిగినవాళ్లు లేరు. ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది.

"టేపు పెట్టి చూశానండీ. నాలుగున్నర మీటర్లను పావులుగా గుర్తు పెట్టుకుంటే పద్దెనిమిది పావులు వచ్చాయి. జాకెట్టుకు మూడేసి పావులు. పద్దెనిమిదిని మూడేసి చొప్పున తీస్తే ఆరు. అంటే ముందు నాలుగుతో గుణించాను, తర్వాత మూడుతో భాగించాను. తిరగెయ్యడమంటే ఇదేనా అండీ?"

"అదేనమ్మా," అన్నాను.

"అయితే తర్వాతి లెక్క చేస్తానండీ," అని ఫోను పెట్టేసింది.